కార్తీక వ్రతం పట్టిన కుక్క

ప్రభుత్వం వారు నాకు ఉద్యోగమిచ్చింది ఎద్దుల కోసం. గేదెలు, గొర్రెలు కూడా లెక్కలోకి వస్తాయి. కుక్కా పిల్లీ ఆ లెక్కలో ఉన్నాయో లేవో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే లేవంటారేమోనని అడగలేదు. అరవైల మొదట్లో క్రోసూరు పక్కన ఒక ఊళ్ళో, రెండు గదుల పశువుల ఆసుపత్రిలో చేరేనాటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. మీసం ఇంకా నాతో పూర్తిగా సహకరించడం మొదలుపెట్టలేదు. నన్ను చూడగానే రైతులందరూ అడిగే ప్రశ్న ఒకటే: "డాక్టరు గారు లేరా అబ్బాయ్?"

ఆసుపత్రి ఆస్తి మొత్తం ఒక ధర్మామీటరు, ఒక స్టెతస్కోపు, ఒక ఇత్తడి మైక్రోస్కోపు, ఒక కాంపౌండరు. కాంపౌండరుకు యాభై దాటాయి. నాకు ముందు ఆరుగురు డాక్టర్లను చూశానని రోజుకోసారి గుర్తుచేసేవాడు. ఏ మందైనా ఆయన కొలత ఎద్దుతోనే మొదలయ్యేది. మేకకు ఎంత వెయ్యాలంటే ఎద్దును మనసులో నాలుగు ముక్కలు చేసేవాడు.

చేరిన మొదటి నెలలోనే ఒక కిరాణా కొట్టాయన బుట్టలో పిల్లిని పెట్టుకొచ్చాడు. బస్తాల దగ్గర ఎలకల కోసం పెంచుతున్న పిల్లి.

"దీనికి ఆయాసమండీ. ఎత్తుకుంటే రొమ్ములో గరగరమంటది."

స్టెతస్కోపు పెట్టి విన్నాను. పిల్లి కళ్ళు మూసుకుని గరగరమంటూనే ఉంది. గుండె బాగుంది, ఊపిరితిత్తులు బాగున్నాయి.

"ఇంట్లో దీన్ని ఎవరైనా ఎత్తుకుంటారా?"

"పిల్లినా? భలేవారే. మొన్న వానకి కొట్టు కారుతుంటే తడవకుండా ఒళ్ళో పెట్టుకున్నా, అదే మొదటిసారి. అప్పుడే పట్టుకుంది ఈ రోగం."

"ఇది రోగం కాదండీ, సంతోషం."

ఆయన పిల్లిని మళ్ళీ బుట్టలో సర్దాడు. "దానికి మందేంది మరి?" అన్నాడు.

ఇంతటి అనుభవంతో నేను ఆ కుక్క కేసులోకి దిగాను.

కార్తీకమాసం రెండో వారంలో ఒక సోమవారం పొద్దున, ఆసుపత్రి ముందు గూడుబండి ఆగింది. నాలుగు మైళ్ళ అవతల ఊళ్ళోని పెద్ద ఆసామి పంపించాడు. అంతకుముందు నెలలో ఆయన ఎద్దుకు గాలికుంటు వస్తే నన్ను సైకిలు మీద రమ్మన్నారు. బండి వచ్చిందంటే జబ్బు పడింది ఎద్దుకంటే పెద్దదై ఉండాలి.

కుక్క. నాటు కుక్కే కానీ, వేటకుక్కల వంశమని ఆసామి చెప్పేవాడు. ఆ వంశంలో ఇది మాత్రం ఒక ముసలి కోడిపెట్టను తప్ప దేన్నీ వేటాడిన దాఖలా లేదు. ఆ కోడిపెట్ట సంగతి తర్వాత వస్తుంది.

నేను వెళ్ళేసరికి వాకిట్లో ఊరు సగం ఉంది. అరుగు మీద పట్టె మంచం, మంచం మీద దుప్పటి, దుప్పటి మీద కుక్క. తలగడ కూడా పెట్టారు. ఆసామి తల్లి, ఎనభై ఏళ్ళావిడ, పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతోంది. కోడలు కాళ్ళ దగ్గర. పాలేరు స్తంభానికి ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు. పట్నం నుంచి రావలసిన బంధువులు ఇంకా రానట్టుంది, అది తప్పితే చావింటి హంగులన్నీ ఉన్నాయి.

"ఎనిమిది రోజులైంది డాక్టరు గారూ, అన్నం ముట్టి," అన్నాడు ఆసామి. "మూడు రోజుల్నించి కక్కటం, పారటం. విషం పెట్టారు. ఎవరు పెట్టిందీ నాకు ఎరికే. విషమని మీరొక్క ముక్క కాయితం మీద రాసియ్యండి. మిగతాది నేను చూసుకుంటా."

చూపుడు వేలితో పక్కింటి దడి చూపించాడు. దడి అవతల ప్రాథమిక పాఠశాల పంతులమ్మ నిలబడి ఉంది. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో చేట, చేటలో నూకలు, కాళ్ళ చుట్టూ కోళ్ళు. ఆ కోళ్ళలో ఒకదాన్ని పోయిన భాద్రపదంలో ఈ కుక్క పట్టింది. అప్పుడామె దడి దగ్గర నిలబడి, "నీ నోరు పడిపోను!" అని మూడు బజార్లకు వినపడేలా తిట్టింది. ఇప్పుడు కుక్క నోట్లో ముద్ద పెట్టడం లేదు. ఊరికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

ఆసామి చూసుకుంటానన్న మిగతాది ఏమిటో నాకు బండిలోనే కాంపౌండరు చెప్పాడు. పంచాయతీ సమితిలో ఆసామి మాటకు ఎదురు లేదు. నా కాయితం పట్టుకెళ్తే సాయంత్రానికి పంతులమ్మకు నల్లమల అంచున బస్సు పోని ఊరికి బదిలీ అవుతుంది. ఆమె ఇంట్లో పక్షవాతం వచ్చిన తల్లి ఉంది. మంచం దిగలేని మనిషిని పెట్టుకుని ఆ ఊరు పోవడమంటే ఉద్యోగం వదులుకోవడమే. పంతులమ్మ జీతంతోనే ఆ ఇద్దరూ తినేది.

అంటే నేను చూడవలసిన రోగి అరుగు మీదుంది, బతకవలసిన మనిషి దడి అవతల ఉంది.

కాంపౌండరు ధర్మామీటరు పెట్టి తీసి, పెళ్ళిలో చదివింపులు చదివినట్టు గట్టిగా చదివాడు. "నూట ఒకటిన్నర!"

"అయ్యో నా తండ్రీ! నూటొకటిన్నరంట!" అని కోడలు గుండె బాదుకుంది. వాకిట్లో ముగ్గురు ఆడవాళ్ళు ముక్కు చీదారు.

"కుక్కకు అదే ఉండాలమ్మా," అన్నాను. "తొంభై ఎనిమిది ఉంటే అప్పుడు ఏడవాలి."

ఏడుపు ఆగింది, కానీ ఎవరికీ నచ్చలేదు. మొదలుపెట్టిన ఏడుపును మధ్యలో ఆపించిన వాణ్ణి పల్నాట్లో తొందరగా క్షమించరు.

చూశాను. చర్మం పట్టుకుని లాగి వదిలితే నెమ్మదిగా వెనక్కి పోతోంది. ఒంట్లో నీరు తగ్గింది. చిగుళ్ళు ఎండాయి కానీ పాలిపోలేదు, పచ్చబడలేదు. పొట్ట నొక్కితే మూలిగింది. ఆ రోజుల్లో మిరప తోటల్లో కొట్టే పురుగుమందు ఎండ్రిన్ ఇంటింటా సీసాల్లో ఉండేది. అది లోపలికి పోతే మూర్ఛలు, నురగ, గంటల్లో కత అయిపోతుంది. ఇది మూడు రోజుల్నించి కక్కుతూ, పారుతూ, తలగడ మీద పడుకుని విసనకర్ర గాలి తింటోంది. విషం తిన్న కుక్కకు ఇంత తీరిక ఉండదు.

"అసలు మొదట ఏమైంది? ఏం పెడితే తినలేదు?"

"ఏం పెడితే ఏందండీ," అన్నాడు ఆసామి. "పప్పూ అన్నం, నెయ్యేసి. ఇంట్లో మనిషికి లేదు ఆ నెయ్యి."

"అంతకుముందు?"

"అంతకుముందు మామూలే. ఎముకలూ అవీ."

"ఇప్పుడెందుకు మానేశారు?"

ముసలావిడ విసనకర్ర ఆపి, ఇంగ్లీషు చదువుల మీద జాలిపడుతున్నట్టు నన్ను చూసింది. "కార్తీకం గదయ్యా. ఈ గడపలో నెల్లాళ్ళు నీచు అడుగుపెట్టదు. మేం వ్రతంలో ఉంటే అది ఎముక కొరుకుతా కూచుంటదా? అది మాత్రం ఈ ఇంటిది కాదా?"

"అన్నం తినకపోతే?"

"ఉపవాసం ఉందనుకున్నా. పున్నమి దాకానే గదా."

మొదటి ముడి అక్కడే వీడింది. మాంసం తినే జంతువుకు కందిపప్పు పెట్టారు. అది వద్దంది. వద్దనడమే వాళ్ళకు జబ్బైంది. కానీ పప్పు తినని కుక్క బక్కచిక్కాలి గానీ కక్కి పారకూడదు. పైగా ఎనిమిది రోజులు తిండి లేదన్న కుక్కకు డొక్కలు లోపలికి పోలేదు. నున్నగా ఉన్నాయి.

చేతులు కడుక్కుంటానన్నాను. కోడలు చెంబుతో నూతి దగ్గరికి వచ్చింది. నీళ్ళు పోస్తూ చుట్టూ చూసింది.

"డాక్టరు గారూ, మా అత్తకు చెప్పబాకండి. అజీర్తేమోనని నాలుగు రోజుల్నించి పూటకింత వాము కషాయం పోశా. ఇంగువేసి."

అరుగు దగ్గరికి వచ్చి కుక్క నోరు ఇంకోసారి చూశాను. మళ్ళీ చేతులు కడుక్కోవలసి వచ్చింది. ఈసారి చెంబు పాలేరు తెచ్చాడు.

"సారూ, దొరకు తెలిస్తే నన్ను నిలువునా పాతేస్తాడు. పిచ్చి లేసుద్దేమోనని భయమేసి మిరియాలు నూరి బెల్లంలో ఉండ చేసి మింగించా."

"ఎన్ని మిరియాలు?"

"దోసెడు."

మూడోసారి ముసలావిడే కర్ర పొడుచుకుంటూ వచ్చింది. నేను అప్పటికి చేతులు మురికి చేసుకోలేదు, అయినా కడుక్కున్నాను.

"నాయనా, నా కోడలికి చెప్పమాక. నెలకోసారి ఇంట్లో అందరికీ ఆముదం పడతా. పిల్లలకు పట్టా, పెద్దలకు పట్టా. దీనికి మాత్రం ఎవురు పడతారు నేను కాక? శుక్రవారం పట్టా. తగ్గలేదని శనివారం మళ్ళా పట్టా."

నాలుగోసారి ఆసామి. చెంబు ఆయన చేతిలో ఎలా పట్టుకోవాలో తెలియనట్టుంది. గొంతు బాగా తగ్గించాడు.

"చలికి వణుకుతుంటే చూళ్ళేక, ఒక సీసాలోంచి నాలుగు చెంచాలు పోశానండీ."

"ఏం సీసా?"

"దగ్గు మందు."

ఆంధ్రదేశంలో అప్పుడు మద్యనిషేధం అమల్లో ఉంది. ఆయన ఇంట్లో కార్తీక వ్రతం అమల్లో ఉంది. ఆయన నోట్లోంచి వస్తున్న దగ్గు మందు వాసన రెండింటికీ విరుద్ధంగా ఉంది. నేను దాని సంగతి అడగలేదు. ఆ రోజు ఉన్నంత శుభ్రంగా నా చేతులు డాక్టరీ పరీక్షనాడు కూడా లేవు.

కుక్క చర్మం కింద సెలైను ఎక్కించి, మర్నాటి దాకా ఉప్పు వేసిన గంజి తేట తప్ప చుక్క కూడా పోయొద్దని చెప్పాను. "ఎవ్వరూ," అన్నాను. నలుగురూ పక్కవాళ్ళను చూశారు. విషం కాయితం ఏమైందని ఆసామి అడిగితే, మలం పరీక్ష చేసి చెప్తానన్నాను. కుక్క పెంట డబ్బాలో పెట్టుకుని గూడుబండెక్కుతున్న నన్ను చూసి, వాకిట్లో నిలబడ్డవాళ్ళకు నా చదువు మీద ఉన్న చివరి గౌరవం కూడా పోయింది.

మైక్రోస్కోపు కింద ఆ ఇంటి గుట్టంతా కనిపించింది. ఆముదం బొట్లు మెరుస్తూ, గుండ్రంగా. వాము గింజలు మైక్రోస్కోపు లేకుండానే కనపడ్డాయి. మిరియాల పొట్టు. పురుగుల గుడ్లు ఒకటి రెండు, అవి ఏ కుక్కలోనైనా ఉంటాయి. ఇవన్నీ నాకు ముందే ఒప్పుకోళ్ళ రూపంలో అందాయి. ఒప్పుకోనిది ఒకటి తేలింది: తెల్లగా, గరుగ్గా, గోరంత ఎముక ముక్క. దాని పక్కనే ఎండుచేప పొలుసు.

కాంపౌండరు వంగి చూశాడు. నాకు ముందున్న ఆరుగురి హయాంలో ఇలాంటిది చూడలేదన్నాడు. తర్వాత నెమ్మదిగా, "సార్, ఈ నెలలో ఆ బజారులో నీచు వండే ఇల్లు ఒక్కటే," అన్నాడు.

అది నాకూ తెలుసు. ఆ ఇంటివాళ్ళు చర్చికి పోయేవాళ్ళు. వాళ్ళకు కార్తీకం లేదు.

మర్నాడు పొద్దున బండి కోసం ఆగకుండా సైకిలు మీద వెళ్ళి, ముందు పంతులమ్మ దడి దగ్గర దిగాను. బడికి బయల్దేరబోతోంది. నన్ను చూసి సంచీ కింద పెట్టింది.

"బతికుందా అండీ అది?"

"ఉంది. మీరే గదా ఎముకలు పెట్టింది?"

ఆమె కాదనలేదు. తలుపు సందులోంచి లోపలి మంచం కనపడుతోంది, మంచం మీద దుప్పట్లో ముసలి ప్రాణం.

"ఆదివారం మాంసం వండుకుంటాం. మిగతా రోజుల్లో ఎండుచేప. వాసనకి దడి దూరి వచ్చేది. ఎముకేస్తే తిని పడుకునేది. దాని మీద ప్రేమనుకోబాకండి. కడుపు నిండితే నా కోళ్ళ జోలికి రాదని. పెట్టల మీదే మా అమ్మ మందులు గడుస్తాయి."

"మరి నిన్న ఆ మాట చెప్పకపోయారా?"

"ఏమని చెప్పనండీ? పెట్టానంటే పెద్దమ్మ వ్రతం నేను చెడగొట్టినట్టు. పెట్టలేదంటే విషం పెట్టినట్టు. నోరు మూసుకుని నూకలు చెరుగుతా నిలబడ్డా. రెండిట్లో ఏ పాపానికి బదిలీ చేస్తారో అని."

  సైకిలు స్టాండు వేసి ఆసామి వాకిట్లోకి నడిచాను.

కుక్క మంచం దిగింది. గంజి తేట తాగి, స్తంభం దగ్గర నిలబడి తోక ఊపుతోంది. ఇంట్లో నలుగురూ ఎవరికి వారు తమ వైద్యమే పనిచేసిందన్న మొహంతో ఉన్నారు. ఊరివాళ్ళు నిన్నటికంటే ఎక్కువమంది వచ్చారు. తీర్పు రోజున జనం ఎక్కువే ఉంటారు.

"విషమేనా?" అన్నాడు ఆసామి.

"దీని కడుపులోకి పోకూడనివి పోయాయండీ. మైక్రోస్కోపులో పెట్టి ఒక్కొక్కటే చూశాను. అన్నీ ఈ గడప లోపలివే. ఏమేమిటో, ఎవరి చేతిమీదుగానో జనం ముందు చదవమంటారా?"

"వద్దు," అన్నాడు ఆసామి.

"వద్దులే నాయనా," అంది ముసలావిడ.

"వద్దండీ," అంది కోడలు. పాలేరు గొడ్లచావిడి వైపు నడిచాడు.

ఒక ఇంట్లో అంత ఐకమత్యం నేను మళ్ళీ చూడలేదు. వాకిట్లో జనం మాత్రం చాలా నిరాశపడ్డారు. ఒకాయన, "పక్కింటి పంతులమ్మ పెట్టినది ఏం లేదా?" అని ఆశగా అడిగాడు.

"జబ్బు చేసే వస్తువేదీ ఈ ఇంటి బయటినుంచి రాలేదు," అన్నాను. ఎముక జబ్బు చేయలేదు. కాబట్టి అది అబద్ధం కాదు. ఆ వాక్యాన్ని నాలుగు మైళ్ళూ సైకిలు తొక్కుతూ తయారుచేసుకున్నాను.

బదిలీ అప్పటికి ఆగింది. కానీ కార్తీకం ఇంకా సగం మిగిలే ఉంది. కుక్క మళ్ళీ పప్పన్నం వద్దంటుంది, ముసలావిడ మళ్ళీ ఆముదం సీసా దించుతుంది, కుక్క మళ్ళీ దడి దూరుతుంది, ఎవరో ఒకరు చూస్తారు. ఆవిడ పక్కన అరుగు మీద కూర్చున్నాను.

"పెద్దమ్మా, వ్రతంలో ఉన్నవాళ్ళకు ఒంట్లో బాగాలేకపోతే మందు పుచ్చుకోవచ్చా?"

"మందుకేం దోషం నాయనా? మా ఆయన కార్తీకంలో నెల్లాళ్ళూ చేపనూనె తాగాడు, గుంటూరు డాక్టరు రాసిచ్చాడని. కళ్ళు మూసుకుని తాగాడు. దేవుడేమన్నా అన్నాడా?"

"అయితే దీనికీ ఒక మందు రాస్తాను. రోజూ ఎముకలో, ఎండుచేప తలో. అయితే ఈ గడప లోపల పెట్టకూడదు. వ్రతం లేనివాళ్ళ చేత్తో పెట్టించాలి."

ఆసుపత్రి చీటీ తీసి రాశాను, ముద్ర కూడా వేశాను. ముద్ర చూశాక ఆవిడకు పూర్తిగా నమ్మకం కుదిరింది. చీటీ కళ్ళకద్దుకుంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"పక్కింట్లో పంతులమ్మ ఉందిగా. ఆమెకు వ్రతాల్లేవు. పోయి అడుగు."

"నేనా?"

"కుక్క ఎవుడిదిరా?"

ఆసామి దడి దాకా నడిచిన నడక ఆ వాకిట్లో జనానికి వాళ్ళ నిరాశంతా తీర్చేసింది. సమితిలో ఎదురులేని మనిషి, కండువా సర్దుకుని, చీటీ పట్టుకుని నిలబడ్డాడు.

"పంతులమ్మా, ఇట్టా... డాక్టరు గారు ఏదో మందు రాశాడు. నీ చేత్తో పెట్టాలంట."

పంతులమ్మ చీటీ తీసుకుని, పరీక్ష పేపరు దిద్దేటప్పటిలా చివరిదాకా చదివింది.

"విషం పెట్టే చెయ్యి గదండీ?"

"అది నిన్న," అన్నాడు ఆసామి. "పరీక్ష చెయ్యకముందు."

"పెడతా లెండి," అందామె. "మందంటున్నారు గాబట్టి." నా వైపు మాత్రం చూడలేదు. చూస్తే ఇద్దరం నవ్వుతామని ఆమెకు తెలుసు.

ఆసుపత్రి రిజిస్టరులో జబ్బు పేరు రాసే గడి ఒకటి ఉంటుంది. ఏం రాయాలో తోచక, "కార్తీకమాసం" అని రాశాను. పై అధికారి తనిఖీకి వచ్చినప్పుడు ఎర్రసిరాతో పక్కన రాశాడు: "ఇది అంటువ్యాధియా?" కింద జవాబు రాశాను: "కాదండి. ఏటా వచ్చును." ఆయన సంతకం పెట్టి వెళ్ళాడు.

కార్తీకం ముగిసి పోలి పాడ్యమి దాటింది. ఆసామి ఇంట్లో నీచు మొదలైంది. మందు ఇక అక్కర్లేదనుకుని పంతులమ్మ ఎముకలు వేయడం మానేసింది. నాలుగో రోజున కుక్క దడి దూరి, మందు కోసం కాసేపు మర్యాదగా కూర్చుని, రాకపోయేసరికి ఒక పెట్టను పట్టింది. "నీ నోరు పడిపోను!" అన్న కేక మళ్ళీ మూడు బజార్లకు వినపడింది.

ఈసారి ఆ కేకకు ఆసామి వణికాడని కాంపౌండరు చెప్పాడు. నోరు పడిపోతే మళ్ళీ నేను రావాలి, మళ్ళీ మైక్రోస్కోపు, మళ్ళీ నూతి దగ్గర చెంబు. గంటలో పాలేరు చేత రెండు పెట్టల్ని ఆమె ఇంటికి, ఒక చీటీని నా దగ్గరికి పంపించాడు. చీటీలో ఇలా ఉంది: "డాక్టరు గారికి. మందు ఆపిన కారణమున కుక్కకు పాత గుణము వచ్చినది. మందు ఎంతకాలము వాడవలెనో తెలుపగలరు. పంతులమ్మకు వేరే ఊరు బదిలీ కాయితము దానంతటదే సమితికి వచ్చి ఉన్నది. ఆమె పోయినచో మందు ఎవరు పెట్టవలెనో కూడా తెలుపగలరు."

కాయితం దానంతటదే రాదనీ, తీర్పుకు ముందే ఆయన తొందరపడి కదిపిందేననీ నాకు అర్థమైంది. చీటీ వెనకే జవాబు రాసి ముద్ర వేశాను. "మందు కుక్క ఆయుష్షున్నంతకాలం వాడాలి. చెయ్యి మారకూడదు."

బదిలీ కాయితం సమితి నుంచి వెనక్కి పోయింది. నాకు మాత్రం మరుసటి వేసవిలో బదిలీ వచ్చింది. ఆపడానికి ఏ కుక్కా లేదు. ఏడెనిమిదేళ్ళ తర్వాత ఒకసారి ఆ దారిన బస్సులో వెళ్తూ కిటికీలోంచి చూశాను. దడి పక్కన ఎండలో ఆ కుక్క పడుకుని ఉంది. బాగా ముసలిదైపోయింది, పళ్ళు కూడా సరిగ్గా ఉన్నట్టు లేవు. పంతులమ్మ పక్కన కూర్చుని, ఎముకను రాతి మీద పెట్టి దాని కోసం నలగ్గొడుతోంది.